బండలు పరిచిన ఇల్లు బీద ఇల్లు కాదంట

నేను చేసిన ఉద్యోగం ఏందో మా నాయనకు చివరి దాకా అర్థం కాలేదు. మార్కాపురంలో ఆయనకు ఇనుప సామాన్ల దుకాణం. "నువ్వు అమ్మేదేంది, కొనేదేంది?" అని అడిగేవాడు. "బీదవాళ్ళకు ఉపాధి చూపిస్తాము నాయనా" అంటే, "చూపిస్తారు సరే, ఇస్తారా?" అనేవాడు. ఇరవై తొమ్మిదేండ్లు చేసినాను. మండలం ఆఫీసులో కింది మెట్టున చేరి, ఒకటిన్నర మెట్టు ఎక్కి రిటైరైనాను. ఆ మెట్ల కథ ఇక్కడ రాయను. అది చదివి బాగుపడినవాళ్ళు ఎవరూ లేరు.

ఇది రాయడానికి కారణం ఒక ట్రైనింగు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలతో ఒక గంట మాట్లాడమని నన్ను పిలిచినారు. నాకంటే ముందు ఒకాయన తెర మీద బొమ్మలు చూపించినాడు. పైన భూగోళం, కింద మన దేశం, ఇంకా కింద రాష్ట్రం, అన్నింటి మధ్య బాణాలు. ఒక అమ్మాయి లేచి, "మేడం, ఈ బాణాల్లో మేమెక్కడ ఉంటాము?" అని నన్ను అడిగింది. "గుచ్చుకునే చోట" అన్నాను. అందరూ నవ్వినారు. ఆ గంటలో చెప్పింది తక్కువ, మింగింది ఎక్కువ. మింగింది ఇక్కడ కక్కుతున్నా.

ఫారం ఎక్కడ పుడుతుంది

మీ చేతికొచ్చే ఫారం మీ జిల్లాలో పుట్టింది కాదని ముందు తెలుసుకోండి. సముద్రం అవతల ఒక పెద్ద బ్యాంకు ఉంటుంది. పేరెందుకు లెండి. అది దేశాలకు అప్పిస్తుంది, అప్పుతో పాటు సలహా కూడా ఇస్తుంది. అప్పు చాలు, సలహా వద్దంటే కుదరదు. అక్కడ నానా దేశాల చదువుకున్నవాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చొని మాట్లాడుకుంటారు. బీదవాళ్ళకు సాయం ఎట్ల చెయ్యాల, ఎవరికి పని చూపించాల, ఎవరిని జాబితాలో నుంచి తియ్యాల అని. అన్ని దేశాలనూ ఒకే కొలతతో కొలవాల అంటారు. లేకపోతే ఎవరు ముందున్నారో తెలియదు గదా.

ఆ మాట ఢిల్లీకి వచ్చేసరికి విధానం అవుతుంది. రాజధానికి వచ్చేసరికి జీవో. ఒంగోలుకు వచ్చేసరికి 'అర్జెంట్'. మా మార్కాపురం చేరేసరికి 'నిన్నటికే కావాల'. ఇన్ని చేతులు మారి వచ్చిన ఫారంలో తప్పుంటే ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు. కింద సంతకం మాత్రం మీదే ఉంటుంది.

అట్లని ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనను. ఆడమనిషి చేసిన పనికి కూలి ఆమె పేరు మీదనే పడాల అనే మాట కూడా అదే దారిలో వచ్చిందని మా సార్లు చెప్పేవాళ్ళు. అంతకు ముందు ఆ కూలి మొగుడి చేతిలో పడి, ఇల్లు చేరే లోపల రెండు చోట్ల ఆగేది. ఆ ఒక్క మాటకు వాళ్ళకు దండం పెడతాను. నా కొట్లాటంతా కొలతతోనే.

కోళ్ళు తిన్న బీదరికం

కొలత తప్పడం నాకు మొదటి ఏడే తెలిసింది. అప్పుడు గిద్దలూరు పక్క ఒక ఊరికి పంపినారు. ఊరివాళ్ళతోనే ఊరి పటం వేయించాలని కొత్తగా పద్ధతి వచ్చింది. నేల మీద ముగ్గుపిండితో వీధులు గీయాల, ఒక్కొక్క ఇల్లు ఒక చిన్న గడి. బీద ఇంటి గడిలో గుప్పెడు జొన్నలు పోయాల. అందరూ చక్కగా గీసినారు, పోసినారు. మేము టీ తాగి వచ్చేసరికి సగం గడుల్లో జొన్నలు లేవు. కోళ్ళు తిరుగుతాన్నాయి.

నాకు భయమేసి, మిగిలిన గడులు లెక్కపెట్టి రాసి తెచ్చినాను. అప్పటి మా సారు పెద్దమనిషి, నల్లగా, పొట్టిగా ఉండేవాడు. కాగితం చూసి, "పొద్దున పోయి సాయంత్రానికి ఊళ్ళో బీదరికం సగం చేసుకొచ్చినావే, ఎట్లమ్మా?" అన్నాడు. కోళ్ళ సంగతి చెప్పేసినాను. ఆయన తిట్టలేదు. "రేపు మళ్ళీ పో. ఈసారి గింజల్ని చూడవద్దు, మనుషుల్ని చూడు" అన్నాడు. నేను పోయినాను. ఈసారి చింతగింజలు పోయించినాను, వాటిని కోళ్ళు ముట్టవు. సారు చెప్పింది మాత్రం బుర్రకెక్కలేదు. అది ఎక్కడానికి ఇరవయ్యేండ్లు పట్టింది.

రాయికి మూడు మార్కులు

ఇక అసలు కథ. మార్కాపురం నుంచి త్రిపురాంతకం బస్సెక్కితే దారిలో దిగాల్సిన ఒక ఊరు. రాళ్ళకుంట అనుకోండి, అసలు పేరు చెప్పను. ఊరికి అవతల పాలెం. అంతా చర్చికి పోయే కుటుంబాలు, కూలి పనులు చేసుకునేవాళ్ళు. మగవాళ్ళలో చాలామంది ఒకప్పుడు బడిపిల్లలు రాసుకునే పలకల ఫ్యాక్టరీల్లో చేసినవాళ్ళే.

మా పక్క పలకరాయి సంగతి మీకు తెలిసే ఉంటుంది. గనుల పక్కన పగిలిన ముక్కలు గుట్టలు గుట్టలుగా పడి ఉంటాయి. డబ్బున్నవాళ్ళు టైల్స్ వేసుకుంటారు. లేనివాళ్ళు ఆ గుట్టకు పోయి, పనికొచ్చే ముక్కలు ఏరి, నెత్తిన పెట్టుకొని తెచ్చుకుంటారు. అవే గోడ, అవే కప్పు, అవే నేల. మా దగ్గర ఇంట్లో రాయి ఉందంటే ఆ ఇంట్లో వేరే ఏమీ లేదని అర్థం.

ఆ ఏడు కొత్త ఫారం వచ్చింది. అన్ని దేశాలకూ ఒకటే ఫారం. ఇంటి నేల దేనితో చేసింది? మట్టి అయితే ఒక మార్కు, చెక్క అయితే రెండు, రాయి లేక సిమెంటు అయితే మూడు. చెక్క నేల ఉన్న ఇల్లు నా జన్మలో చూడలేదు, ఏ దేశంలో ఉంటుందో మరి. గోడకూ మార్కులే, కప్పుకూ మార్కులే. ఎక్కువ మార్కులొస్తే 'తేరుకున్న కుటుంబం'. తేరుకున్నవాళ్ళకు ఎండాకాలం గవర్నమెంటు ఇచ్చే చెరువు పూడిక తీసే పని ఉండదు. వాళ్ళకు నైపుణ్య శిక్షణ ఇచ్చి బయట ఉద్యోగాలకు పంపాల. సాయం మీద బతికేవాళ్ళను సొంత కాళ్ళ మీద నిలబెట్టాలని అన్ని దేశాలూ ఒప్పుకున్నాయంట.

నేను చర్చి మెట్ల మీద కూర్చొని ఒక్క రోజులో పాలెం మొత్తం రాసేసినాను. నేల? రాయి. గోడ? రాయి. కప్పు? రాయి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసినా. జిల్లాలో మొదట పూర్తి చేసిన మండలం మాదేనని ఒంగోలులో మా పెద్దసారు శేషగిరి గారు మీటింగులో చప్పట్లు కొట్టించినాడు. నేను కూడా మురిసిపోయినాను, సిగ్గు లేకుండా. నెల తిరక్కుండానే పాలెం మొత్తం తేరుకుంది.

తువ్వాలు హంస

తేరుకున్నవాళ్ళలో సువార్తమ్మ ఒకామె. నా వయసుదే, కానీ నన్ను "మేడమ్మక్కా" అనేది. ఆమె మొగుడు యాకోబు పలకల ఫ్యాక్టరీలో కోత మిషన్ దగ్గర చేసి చేసి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో నింపుకున్నాడు. నాలుగడుగులు వేస్తే కూర్చోవాల. ఊళ్ళో చెరువు పని ఉంటే ఆమె పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చి ఆయనకు గంజి పోస్తుంది. పని లేకపోతే ఊరందరి మాదిరి గుంటూరు పక్క మిరప కోతలకు పోవాల. ఆయన్ను వదిలి పోతే చూసేవాళ్ళు లేరు. తీసుకొని పోతే ఆ మిరప ఘాటుకు ఆయన బతకడు. ఇదీ సంగతి. ఇందులో మార్కులు వేయడానికేమీ లేదు.

జాబితా గోడకు అంటించిన మర్నాడు ఆమె మా ఆఫీసుకు వచ్చింది.

"మేము బాగుపడినామంట గదక్కా. ఎప్పుడు బాగుపడినాము? మాకు చెప్పకుండా ఎట్ల బాగుపడతాము?"

నేను నేల గురించి, మార్కుల గురించి చెప్పినాను. ఆమె శ్రద్ధగా వినింది. "అయితే యాకోబు నెత్తి బొప్పి కట్టేటట్టు మోసింది ఆస్తినా? ముందే తెలిస్తే మెల్లగా మోసేవాడు" అనింది.

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, నా మీద. కానీ మన ఆఫీసుల్లో కోపం ఎప్పుడూ ఎదురుగా నిలబడినవాళ్ళ మీదనే పడుతుంది. "నన్నేం చెయ్యమంటావు? ఫారం నేను తయారు చేసినానా? ముందు శిక్షణకు పో" అని కసిరినా.

పోయింది. మార్కాపురంలో పది రోజుల శిక్షణ, హోటలు గదులు సర్దే పని. దుప్పటి ముడత లేకుండా పరచడం, తువ్వాలును హంస మాదిరి మడవడం. పదో రోజు ఆమె నేరుగా మా ఆఫీసుకు వచ్చి, నా బల్ల మీద ఫైళ్ళు పక్కకు జరిపి, తెల్ల తువ్వాలుతో చేసిన హంసను పెట్టింది. మెడ, ముక్కు, అన్నీ ఉన్నాయి. నిజం చెప్పాలంటే చాలా బాగుంది.

"దీనికి మేత ఏం పెట్టాల మేడమ్మక్కా?" అనింది.

గుమాస్తాలంతా నవ్వినారు. ఆమె నవ్వలేదు. "మా పాలెంలో హోటలు లేదు. ఇంట్లో ఉండేది ఒకటే తువ్వాలు. దాన్ని హంసను చేస్తే యాకోబు దేంతో తుడుచుకోవాల? ఇంక రెండు సోమవారాలు పోయి మూడో సోమవారం మిరప కోతలకు మేస్త్రి లారీ వస్తుంది. నేను ఎక్కాల్నా వద్దా, అది చెప్పు" అనింది.

శేషగిరి సారు ఉపాయం

శేషగిరి సారుకు ఫోను చేసినాను. ఆయన గురించి ఒక మాట. లంచం ముట్టడు, అబద్ధం ఆడడు, ఫారం దాటి ఆలోచించడు. ఇట్లాంటి బాసు దొరికితే మీరు అదృష్టవంతులే, మీ ఊళ్ళు కావు.

"ఫారంలో అడిగింది నేల గురించి. నేల మారితే సిస్టం తీసుకుంటుందమ్మా. మళ్ళీ తనిఖీ పెడతాను" అన్నాడు.

ఆదివారం చర్చి అయినాక పాలెంకు పోయి, "శుక్రవారం తనిఖీ ఉంది. ఆ రోజు నేల మట్టిగా ఉంటే మంచిది" అని మాత్రం అన్నాను. ఇంకేమీ అనలేదు. అనాల్సిన పని కూడా లేదు. రెండు రోజుల్లో పాలెం మొత్తం బండలు లేపేసినారు. గడ్డపారలు చాలక త్రిపురాంతకం నుంచి తెచ్చుకున్నారు. ఒక్కొక్క బండ కింద రెండు తేళ్ళు. తేళ్ళన్నీ వీధిలోకి వస్తే మనుషులు చర్చిలోకి పోయినారంట. పాస్టరుగారు కూడా లుంగీ ఎగ్గట్టి తన ఇంట్లో తవ్వుకున్నాడు. తవ్వినాక అందరూ పేడతో అలికినారు.

గురువారం పొద్దున ఒంగోలు నుంచి ఫోను. ఆ పెద్ద బ్యాంకు నుంచి ఒక మేడం వస్తాంది, రేపటి తనిఖీ తానే చూస్తుందంట. నాకు సంతోషమేసింది. పేడ నేలను స్వయంగా చూసుకుంటుంది, ఇంక పని అయిపోయిందనుకున్నా. పాలెంకు ఫోను చేసి, "రేపు వేరే దేశం నుంచి పెద్దామె వస్తుంది, సువార్తమ్మ ఇంటికి తీసుకొస్తాను" అని చెప్పి పెట్టేసినా.

నా ఉద్యోగంలో పెద్ద తప్పు ఏదంటే అదే. నేనూ ఆ మట్టిలో పుట్టినదాన్నే గదా, ఇంటికి చుట్టం వస్తాందని చెబితే మావాళ్ళు ఏం చేస్తారో తెలియదా?

చుట్టం వచ్చిన రోజు

జీపు దిగి సువార్తమ్మ ఇంట్లోకి తొంగి చూసినా. బండలన్నీ మళ్ళీ పరిచేసినారు. పరచడమే కాదు, కడిగి తుడిచినారు, అద్దం మాదిరి మెరుస్తాన్నాయి. షామియానా, ఎర్ర కుర్చీలు, బంతిపూల దండ. ఆడవాళ్ళంతా ఆదివారం కట్టుకునే తెల్లచీరల్లో వరుసగా నిలబడినారు. బీదరికం ఊరి చివరి దాకా వెతికినా కనపడేటట్టు లేదు.

సువార్తమ్మను పక్కకు లాగినాను. "ఏంది ఈ పని? బుద్ధుందా మీకు?"

"ఏందక్కా నువ్వు? అంత దూరం నుంచి ఇంటికొచ్చిన మనిషిని పేడ నేల మీద కూర్చోబెడతామా? ఆమె పోయినాక రేపు మళ్ళీ లేపుతాములే" అనింది.

వచ్చినామె సన్నగా, నెరిసిన జుట్టుతో, నెమ్మదిగా ఉండింది. పేరు నాకు నోరు తిరగలేదు. తెల్లామె కాకపోయినా పాలెంవాళ్ళు దొరసానమ్మ అన్నారు. స్టీలు గ్లాసులో టీ తీసుకొని, నేల చూసి, చాలా బాగుందని మెచ్చుకునింది. శేషగిరి సారు ఇంగ్లీషులో, "చూడండి, సొంతంగా బాగుపడినారు" అన్నాడు. ఆమె అది రాసుకునింది. మాటలు అటూ ఇటూ తర్జుమా చేసే పని నాది.

"ఈ నేల ఎవరు పరిచినారు?" అని అడిగింది.

మూలన మంచం మీద కూర్చున్న యాకోబు, "నేనేనమ్మా. ఫ్యాక్టరీలో పగిలి పారేసినవి మోసుకొచ్చి పరిచినా" అన్నాడు. అని దగ్గు మొదలుపెట్టినాడు. ఆగినాక శేషగిరి సారు నాకు కళ్ళతో సైగ చేసినాడు, మొదటి సగం చెప్పి వదిలెయ్యమని.

నాకు తిక్క రేగింది. ఇరవై ఏండ్ల ఉద్యోగం పోతే పోనీ అనుకొని మొత్తం చెప్పేసినా. ఆ రాయి ఈయన ఊపిరితిత్తుల్లో కూడా ఉందని, అది పారేసిన చెత్త అని, మీ ఫారం ఆ చెత్తకు మూడు మార్కులు వేసిందని, మొన్న ఊరంతా దీన్ని లేపేసిందని, తప్పు రాసింది నేనేనని, పని లేకపోతే ఈమె మిరప కోతలకు పోవాలని. నా ఇంగ్లీషు అంత బాగా ఆ రోజుకు ముందూ రాలేదు, తర్వాతా రాలేదు.

ఆమె సువార్తమ్మ వైపు తిరిగి అడిగింది. "లేపినదాన్ని మళ్ళీ ఎందుకు పరిచినావు?"

నేను తెలుగులో అడిగినాను. సువార్తమ్మకు ఆ ప్రశ్నే వింతగా ఉండింది. "నువ్వొస్తున్నావని చెప్పినారు గదమ్మా" అనింది.

అది ఇంగ్లీషులో చెప్పినాక ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. తర్వాత నిజాయితీగానే మాట్లాడింది. ప్రశ్నను మార్చడం తన చేతిలో లేదంట. ఒక ఊరి కోసం మారిస్తే మిగతా దేశాలతో పోల్చడానికి వీలు కాదంట. నాకు ఒళ్ళు మండింది. ఆమె మాత్రం ఫారం తీసుకొని చివరి గడి మీద వేలు పెట్టింది. 'ఇతరములు, వివరించండి'. "ఇది ఎందుకు వాడలేదు?"

"అది వాడొద్దని ఆదేశాలండీ" అన్నాను.

"ఎవరి ఆదేశాలు?"

శేషగిరి సారు నా వైపు చూసినాడు. నేను కప్పు వైపు చూసినాను. అది కూడా పలకరాయే.

పిల్లలూ, ఆ గడి ప్రతి ఫారంలో ఉంటుంది. పైవాళ్ళు దాన్ని వద్దంటారు, ఎందుకంటే అందులో రాసింది ఎవరో ఒకరు కూర్చొని చదవాల. చదివించండి. మీకు మెమో వస్తుంది, అంతే.

నాకు వచ్చింది. పాలెంలో ప్రతి ఇంటికీ మూడు మార్కుల 'రాయి' కొట్టేసి, 'ఇతరములు: పారేసిన పలక ముక్కలు' అని రాసినాను. ఒకే ఊళ్ళో ఇన్ని ఇతరములు ఎట్ల వచ్చినాయని ఒంగోలు అడిగింది. ఒకే గుట్ట నుంచి తెచ్చుకున్నారు కాబట్టి అని జవాబు రాసినా. శేషగిరి సారు దాని మీద సంతకం పెట్టడానికి రెండు రోజులు తీసుకున్నాడు, కానీ పెట్టినాడు. అది ఆయన గొప్పతనమే.

నీళ్ళ మనిషి

చెరువు పని జాబితాలో పాలెం పేర్లు మళ్ళీ చేరిన కాగితం మరుసటి వారం శనివారం వచ్చింది. సోమవారం మేస్త్రి లారీ. నేనే పాలెంకు పోయినాను. సువార్తమ్మ అప్పటికే మూట కట్టింది. యాకోబును కూడా తీసుకొని పోవాలని నిర్ణయించుకొని, ఆయన బట్టలు కూడా అందులోనే పెట్టింది. కాగితం చదివి వినిపించినా. ఆమె మూట విప్పి, బట్టలు మళ్ళీ దండెం మీద వేసింది.

చెరువు పని మొదలైనాక, పనివాళ్ళకు నీళ్ళు ఇచ్చే మనిషిని ఒకరిని పెట్టుకునే వీలుంది. బరువు పని చేయలేనివాళ్ళకు ఇస్తారు. యాకోబు పేరు రాసినాను. గట్టు మీద టెంటు కింద కడవ పక్కన కూర్చొని ఆ ఎండాకాలమంతా అందరికీ గ్లాసు అందించినాడు. నేను తనిఖీకి పోతే, "రా మేడమ్మా, గవర్నమెంటు నీళ్ళు తాగి పో" అనేవాడు. ఆయన్ను చూసి నవ్వని మనిషి లేదు ఆ చెరువులో.

ఆ వానాకాలంలో పోయినాడు. నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది. వేరే ఊరికి పోతూ జీపు ఆపించి పాలెంలో దిగినాను. సువార్తమ్మ వాకిట్లో బియ్యంలో రాళ్ళు ఏరుకుంటాంది. నన్ను చూసి లేచింది.

"ఇంట్లోనే పోయినాడక్కా" అనింది. "తన మంచం మీదనే. పొద్దున గంజి తాగినాడు, బాగుంది అన్నాడు, పోయినాడు. మిరప చేలల్లో కాదు. పరాయి ఊరి బస్టాండులో కాదు. ఇంట్లో."

అని నా చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకొని పోయి, కూర్చోమనింది. కుర్చీ కోసం పక్కింటివాళ్ళను పిలవబోతే వద్దన్నాను. ఆ బండల మీదనే చతికిలబడి, ఆఫీసరమ్మను అనే మాట మరిచిపోయి ఏడ్చినాను. ఓదార్చడానికి పోయినదాన్ని నేను, నా వీపు నిమిరింది ఆమె. బయట డ్రైవరు, మీటింగుకు టైమైందని, హారన్ కొడతానే ఉన్నాడు.